గఫార్ సాయిబు బన్ను

మదనపల్లెలో మసాలా బ్రెడ్డు, కుప్పం రైల్వే స్టేషన్లో ఆమ్లెట్ బ్రెడ్డు, పుంగనూరు బస్టాండులో మా బన్ను. మూడింటిలో ఏది మేలో తేల్చే పనిని కండక్టర్ రెడ్డెప్ప తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన బస్సు మదనపల్లెలో బయలుదేరి మా ఊరి మీదుగా కుప్పం పోయేది. మూడు చోట్లా దిగి తినేవాడు. మా అంగడి ముందర బల్ల మీద కూర్చుని, టికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని తీర్పు చెప్పేవాడు. మదనపల్లె వాడు బ్రెడ్డు మీద క్యారెట్టు తురుము చల్లి సింగారిస్తాడట. కుప్పం వాడి ఆమ్లెట్టు ఎంత పల్చనంటే అందులోంచి రైలు కనిపిస్తుందట.

"గఫార్ సాయిబు బన్ను తింటే మాత్రం పలమనేరు దాటినా ఆకలి గుర్తుకు రాదప్పా" అనేవాడు.

బల్ల మీది మిగతా వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లు కాదు. హార్స్లీ హిల్స్‌కు పోతూ ఆగిన మద్రాసు వాళ్లు కూడా ఒకసారి ఆ వాదనలో దిగి, బస్సు హారను కొట్టినా లేవలేదు.

ఎనభై ఐదు ఎండాకాలంలో ఒకనాడు అదే రెడ్డెప్ప బన్నును వెనక్కి తిప్పి అడుగు చూశాడు. గోటితో గీకాడు. నల్లటి పొడి రాలింది. సగం తిని, మిగిలింది కాగితంలో చుట్టి బల్ల చివర పెట్టి బస్సెక్కాడు.

అంగడికీ లోపలి గదికీ మధ్యనున్న తెర సందులోంచి నేను చూశాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. పెద్దపంజాణిలో అమ్మమ్మ ఇంట్లో ఉండి అక్కడి బళ్లో చదివినంత చదివి, ఇంటికొచ్చి అమ్మీతో పాటు వెనక పని చూసుకునేదాన్ని.

మా భట్టీ ఆ వెనక గదిలోనే ఉండేది. ఇటుకా మట్టీతో కట్టిన పొయ్యి. మూతి చిన్నది, కడుపు పెద్దది. మా అబ్బా గఫార్ సాయిబు మైదా కలిపి, ఉండలు చేసి రేకుల మీద పేర్చేవాడు. పాలూ గుడ్డూ కలిపిన పూతను కోడి ఈకతో వాటి మీద పూయడం నా పని. కాలిన బన్నును ముందు అంగడిలో మా అన్న చాంద్ బాషా నడిమికి కోసి, రెండు ముఖాలూ వెన్న వేసి పెనం మీద అదిమి, మధ్యలో ఉల్లిపాయ, టమేటా, పచ్చిమిరపకాయల వేపుడు, దాని మీద గుడ్డట్టు పెట్టి ఇచ్చేవాడు. జనం వేపుడును మెచ్చుకునేవాళ్లు. అబ్బా ఆ మాట విని ఊరుకునేవాడు. రుచంతా బన్నులో ఉందని ఆయన నమ్మకం.

భట్టీ వేడి చూడటానికి మా ఇంట్లో ఒకటే పద్ధతి. నిప్పులు పక్కకు లాగి, లోపల తడి గోనెతో తుడిచి, అబ్బా కుడిచెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి, అల్లా మీది విశ్వాసం చెప్పే కలిమా చదివేవాడు. చదవడం పూర్తయ్యేసరికి చెయ్యి ఇక ఓర్చుకోలేననాలి. అప్పుడు రేకులు పెట్టాలి. మధ్యలోనే లాక్కోవలసి వస్తే భట్టీ చల్లారేదాకా ఆగాలి. చదవడం అయిపోయినా చెయ్యి ఊరికే ఉందంటే ఇంకా కట్టెలు వేయాలి. అబ్బాకు ఇది తాత నేర్పింది.

గంగమ్మ జాతర అయినప్పటి నుంచి, కలిమా అయిపోయినా అబ్బా చెయ్యి లోపలే ఉండేది. "యాడ కాలింది ఇది? కట్టె పచ్చిగా ఉండాది" అని ఇంకో రెండు మొద్దులు తోసేవాడు. మళ్లీ చెయ్యి పెట్టేవాడు. రేకులు బయటికి లాగేసరికి బన్నులు పైన ముదురు రంగు, అడుగున బొగ్గు. కోస్తే నడుమ పిండి పిండిగా ఉండేది. మాడినవి ఏరి పక్కన పెట్టడం మా పనుల్లో ఒకటైంది. మొదట పక్కింటి మేకలకు వేశాం. తర్వాత మేకలు కూడా మానేశాయి.

కట్టె పచ్చిదైతే భట్టీ కాలదు. భట్టీ కాలకపోతే బన్ను మాడదు. ఈ రెండూ కలవవని నాకు అనిపిస్తూనే ఉండేది. కానీ అబ్బా చేతి మాటకు మా ఇంట్లో ఎదురు లేదు.

కట్టెలు తెచ్చేది గంగులప్ప. సదుం వైపు నుంచి ఎద్దుల బండి మీద చింత మొద్దులు తోలుకొచ్చేవాడు. బండి దించిన ప్రతిసారీ, అప్పుడే దిగిన రేకులోంచి ఒక బన్ను అబ్బా తన చేత్తో తీసి ఇచ్చేవాడు. అందులో గుడ్డూ వేపుడూ ఏమీ ఉండవు. గంగులప్ప దాన్ని నిలబడే తిని, ఏదో ఒక వంక పెట్టి పోయేవాడు. తీపి ఎక్కువైందనో, ఉప్పు తక్కువైందనో. వంక పెట్టకుండా పోతే ఒంట్లో బాగాలేదేమో అని అబ్బా అడిగేవాడు.

ఆ రోజు బండి దించకముందే అబ్బా గడపలోకి వెళ్లి నిలబడ్డాడు.

"ఈ కట్టె నాకొద్దు గంగులప్పా. పచ్చిది తెచ్చి పోస్తాండావు. నా బన్నంతా బొగ్గయిపోతాండాది."

గంగులప్ప మొదట నవ్వాడు, వేళాకోళమనుకుని. తర్వాత బండి మీంచి రెండు మొద్దులు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. ఖంగుమన్నాయి.

"విను సాయిబూ. రెండెండలు తాగిన కట్టె ఇది. పచ్చిదయితే ఇట్ల పలుకుతాదా?"

"నా చెయ్యి అబద్ధం చెప్తాదా?"

బల్ల మీద కూర్చున్న వాళ్లంతా వింటున్నారు. గంగులప్ప వాళ్ల వైపు చూశాడు, మళ్లీ అబ్బా వైపు చూశాడు. మీ నాయన కాలం నుంచి వేస్తున్నానని మెల్లగా అన్నాడు. మొద్దులు రెండూ బండిలో పెట్టుకుని, ఎద్దులను వెనక్కి తిప్పుకుని గంగులప్ప వెళ్లిపోయాడు. ఆ రోజు బన్ను తీసుకోలేదు. వారం తిరగకుండానే, గంగులప్ప పచ్చి కట్టె పోస్తాడన్న మాట ఊళ్లో ఇంకో రెండు హోటళ్లకు పాకిందని మా అన్న చెప్పాడు. అబ్బా విని తల ఊపాడు.

కొత్తవాడి కట్టె వచ్చింది. బన్నులు మాడుతూనే ఉన్నాయి.

ఒకరోజు అమ్మీ, అబ్బా చెయ్యి పట్టుకుని, ఇదేమిటని అడిగింది. చిటికెన వేలి పక్కన అరచేతి అంచు మీద పెద్ద పొక్కు లేచి, చితికి, పచ్చిగా ఉంది. ఎప్పుడు కాలిందో చూసుకోలేదన్నాడు అబ్బా. అమ్మీ పసుపు అద్దింది. మంట పుడుతుందని నేను మొహం తిప్పుకున్నాను. ఆయన మా అన్నతో మైదా మూటల గురించి మాట్లాడుతున్నాడు. మాట మధ్యలో ఆగలేదు.

అప్పుడు నాకు పెద్దపంజాణి బడి గుర్తొచ్చింది. నేను ఆరో తరగతిలో ఉండగా సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, కళ్లు మూసుకోమని, ఒంటి మీద ఈకతో తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమన్నాడు. చక్కిలిగింతలు పుట్టి అందరం నవ్వాం. అమరావతి అనే పిల్లకు మోచేతి కింద రాగి రంగు మచ్చ ఉండేది. ఆయన ఆ మచ్చ మీద తాకినప్పుడు అమరావతి కళ్లు మూసుకుని అట్లాగే నిలబడింది. "ఇంకా తాకలేదు సార్" అంది. మేం దానికి కూడా నవ్వాం. ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి అమరావతి బడికి రాలేదు. కుష్టు అని పెద్దవాళ్లు గుసగుసలాడుకోవడం విన్నాం.

ఆ మధ్యాహ్నం అబ్బా మైదా మూటల మీద పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి పక్కకు వాలి, అరచెయ్యి పైకి తెరుచుకుని ఉంది. పూత పూసే ఈక కడిగి ఆరబెట్టింది నా చేతిలో ఉంది. మెడ మీద తాకించాను. నిద్రలోనే చేత్తో విదిలించాడు. మోచేతి పైన తాకించాను. కదిలాడు. మణికట్టు దాటి, అరచేతి అంచు వెంబడి, చిటికెన వేలి కొస దాకా మెల్లగా లాగాను. చెయ్యి కదల్లేదు. ఇంకోసారి లాగాను.

తల ఎత్తేసరికి అబ్బా కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావు?"

"ఈగ వాలింది అబ్బా."

"యాడ?"

చూపించాను. ఆయన తన చెయ్యి ఎత్తి, ఎవరో అక్కడ వదిలిపెట్టిపోయిన వస్తువును చూసినట్టు చూసుకున్నాడు. నా చేతిలోని ఈకను చూశాడు. తర్వాత చెయ్యి నా ముందు చాపి కళ్లు మూసుకున్నాడు.

"పెట్టు" అన్నాడు.

నేను పెట్టాను. ఆయన ఎదురుచూస్తున్నాడు.

"పెట్టు మరి."

ఈక అప్పటికే ఆయన వేలి మీద ఉంది.

పుంగనూరులో ఎవరికీ తెలియకూడదు. అది అబ్బా కూడా అన్నాడు, నేనూ అనుకున్నాను. తెలిసిన రోజు నుంచి మా బన్ను ముట్టేవాడుండడు. మదనపల్లెలో చూపిద్దామంటే అక్కడ సగం మంది బంధువులు. కుప్పంలో రైల్వే లైను అవతల వారానికొకసారి చర్మం డాక్టరు వచ్చి కూర్చుంటాడని ఆ ఊరి మనిషి ఒకరు అంగట్లో మాటల్లో అనగా నేను విని ఉన్నాను. కుప్పం ఎందుకు పోతున్నామో ఇంట్లో ఏదో ఒకటి చెప్పాలి. రెడ్డెప్ప ఎప్పుడూ చెప్పే ఆమ్లెట్ బ్రెడ్డు సంగతేమిటో చూసి వస్తామని అబ్బా చెప్పాడు. బన్నులు ఇట్లా మాడుతుంటే పక్క ఊరి బ్రెడ్డు చూసి రావడానికి ఇదా సమయమని మా అన్న విసుక్కున్నాడు. అమ్మీ మాత్రం నా వైపు ఒకసారి చూసి, బుర్ఖా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

రెడ్డెప్ప బస్సులోనే పోయాం. ఆయన సంతోషానికి అంతులేదు. టికెట్లు కొడుతూ బస్సంతటికీ చెప్పాడు. "సూడండప్పా, గఫార్ సాయిబు పగోని ఇంటికి భోజనానికి పోతాండాడు." అబ్బా నవ్వాడు. కుడిచెయ్యి జుబ్బా జేబులో పెట్టుకుని ఉన్నాడు. పలమనేరు దాటాక నిద్రపోయాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చెనిగ చేలు వానల కోసం దున్ని పెట్టి ఉన్నాయి. నాకు ఏడుపు రావాలి అనుకున్నాను. రాలేదు.

డాక్టరు తమిళం కలిసిన తెలుగు మాట్లాడాడు. ఆయన దగ్గర ఈక లేదు, పెన్ను కొసతో తాకాడు. మోచేతి వెనక నరం పట్టి చూశాడు. అబ్బా వీపు మీద నేను ఎప్పుడూ చూడని రెండు మచ్చలు ఉన్నాయి. డాక్టరు జబ్బు పేరు మామూలుగా, జలుబు పేరు చెప్పినట్టు చెప్పాడు. మాత్రలు మానకుండా మింగితే తగ్గుతుందని, మందు మొదలుపెట్టాక ఒకరికి అంటదని, ఇంట్లో వాళ్లంతా ఒకసారి వచ్చి చూపించుకోవాలని అన్నాడు. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు.

"ఏం పని చేస్తారు పెద్దాయనా?"

"భట్టీ పని. బన్నులు."

డాక్టరు రాయడం ఆపి, అబ్బా చెయ్యి మళ్లీ చూశాడు. నిప్పు దగ్గరికి పోవద్దన్నాడు. కాలినా తెలియదు కాబట్టి కాలుతూనే ఉంటుందన్నాడు. అబ్బా సరేనన్నాడు. చీటీ నేను తీసుకున్నాను.

ఆమ్లెట్ బ్రెడ్డు తినకుండా తిరిగొస్తే రెడ్డెప్పకు ఏం చెప్పాలి? స్టేషన్‌కు నడిచాం. ప్లాట్‌ఫారం చివర స్టవ్వు పెట్టుకున్న మనిషి, గుడ్డు పెనం మీద పోసి, పచ్చిగా ఉండగానే రెండు బ్రెడ్డు ముక్కలు దాని మీద పరిచి, అంతా ఒక్కసారి తిరగేసి, నాలుగు మూలలూ మడిచి ఇచ్చాడు. అబ్బా ఎడమచేత్తో అందుకుని, తర్వాత గుర్తొచ్చినట్టు కుడిచేతికి మార్చుకుని తిన్నాడు. నిదానంగా నమిలాడు. ఉల్లిపాయ మందంగా కోశాడని, గుడ్డు మాత్రం మంచి గుడ్డని, బ్రెడ్డు నిన్నటిదని చెప్పాడు. నేను కూడా తిన్నాను. ఏ రుచో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

టీ వచ్చింది. అబ్బా గ్లాసును అరచేతి నిండా పట్టుకున్నాడు.

"కాలుతాది సామీ, అంచు పట్టుకోండి" అన్నాడు స్టవ్వు మనిషి.

అబ్బా గ్లాసు వైపు చూశాడు. నేను దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, బుర్ఖా కొసతో పట్టుకుని, చల్లారేదాకా నా దగ్గరే ఉంచుకున్నాను. మద్రాసు పోయే రైలు వచ్చి ఆగి వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో రెడ్డెప్ప ఎట్లుందని అడిగాడు. "బాగుండాది. మనది గాదు" అన్నాడు అబ్బా. రెడ్డెప్ప దాన్ని బస్సంతటికీ చెప్పాడు.

ఇంట్లో చెప్పింది నేనే. అబ్బా పక్కనే కూర్చుని ఉన్నాడు. అమ్మీ చేటలో బియ్యం ఏరుతోంది. విన్నాక కూడా ఏరుతూనే ఉంది, రాళ్లు లేని చోట కూడా. మా అన్న లేచి వీధి తలుపు మూసి వచ్చాడు. తెలిస్తే ఒక్కడు రాడని, అంగడి మూసేసి మదనపల్లెలో ఏదో పని చూసుకుంటానని అన్నాడు.

మా ఇంట్లో రాత్రి అన్నం అందరికీ ఒకే తాంబాళంలో. చుట్టూ కూర్చుని ఎవరి వైపు వాళ్లు తినేవాళ్లం. ఆ రోజు తాంబాళం పక్కన విడిగా ఒక సత్తు పళ్లెం ఉంది. పెట్టమన్నది మా అన్న, పెట్టింది అమ్మీ. అబ్బా దాన్ని చూశాడు. ఎవరినీ ఏమీ అడగకుండా తన వైపుకు లాక్కుని, కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాడు.

నేను లేచి అబ్బా పక్కకు పోయి కూర్చున్నాను. ఆ పళ్లెంలోనే చెయ్యి పెట్టి కలిపాను.

"హమీదా" అన్నాడు మా అన్న.

నేను తిన్నాను. ఆకలిగానే ఉంది. డాక్టరు చెప్పింది మా అన్నకు మళ్లీ ఒకసారి చెప్పాను. భట్టీ నేను చూసుకుంటాను, పిండి అమ్మీ కలుపుతుంది, పెనం దగ్గర నువ్వుండు అన్నాను. పొద్దున లేచి చూస్తే మా అన్న పెనం తోముతున్నాడు.

అబ్బా ఆ పొద్దునే గుడ్డ చుట్టిన చేత్తో సదుం బస్సెక్కాడు. సాయంత్రానికి వచ్చాడు. గంగులప్పతో ఏం మాట్లాడాడో మాకు చెప్పలేదు. మేం అడగలేదు.

భట్టీ నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అబ్బా దూరంగా ముక్కాలి పీట మీద కూర్చునేవాడు. నేను లోపల చెయ్యి పెట్టి కలిమా మొదలుపెట్టగానే ఆయన పెదవులు కూడా కదిలేవి. "ఎట్లుండాది?" అని అడిగేవాడు. ఎంత చెప్పినా చాలేది కాదు. సూదుల్లా ఉందా, నీళ్లలా ఉందా, వెంట్రుకలు ముడుచుకుంటున్నాయా అని అడిగేవాడు. మొదటి రోజుల్లో భయంతో ముందే లాగేసేదాన్ని. బన్నులు తెల్లగా, మెత్తగా, ఉడికిన పిండిలా వచ్చేవి. మా అన్న వాటిని పెనం మీద ఎక్కువసేపు అదిమి గట్టెక్కించాడు. నా మోచెయ్యి దాకా చర్మం కమిలింది. అమ్మీ వెన్న రాసింది. మండింది. మాత్రలతో అబ్బా మొహం నల్లబడసాగింది. ఎండకూ పొగకూ అట్లా అయ్యాడని బల్ల మీద వాళ్లు అనుకున్నారు.

మొదటి వాన పడ్డాక ఒకరోజు గంగులప్ప బండి వచ్చింది. ఆయనే దించాడు, ఆయనే గోడకు పేర్చాడు. అప్పుడే రేకు దిగింది. రెడ్డెప్ప బస్సు కూడా అప్పుడే ఆగింది. బన్ను చేతికి రాగానే రెడ్డెప్ప అలవాటుగా వెనక్కి తిప్పి చూశాడు. గీకడానికి గోరు పెట్టి, పెట్టిన గోరు తీసేశాడు. కొరికి, నమిలి, మింగాడు.

"ఈ దినం మునపటి మాదిరే ఉండాది సాయిబూ. కట్టె మార్చినారా?"

బల్ల మీద అందరూ ఉన్నారు. గంగులప్ప మొద్దు పట్టుకుని అట్లాగే ఆగాడు.

"కట్టె గంగులప్పదే" అన్నాడు అబ్బా, అందరికీ వినపడేట్టు. "కట్టెలో ఎప్పుడూ తప్పు ల్యా. చెయ్యే మారింది. ఇప్పుడు భట్టీ మా బిడ్డ సూస్తాండాది."

గంగులప్ప మొద్దును పేర్చి, చేతులు దులుపుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అబ్బా నా వైపు చూసి, బన్ను ఇవ్వమని తలతో సైగ చేశాడు. నేను రేకులోంచి ఒకటి తీసి చాపాను. గంగులప్ప దాన్ని తీసుకోలేదు. నన్ను దాటి, అబ్బా వైపు చెయ్యి చాపి అట్లాగే నిలబడ్డాడు. గుడ్డ చుట్టిన చెయ్యి వైపే చూస్తున్నాడు.

అబ్బా చేతికున్న గుడ్డ సర్దుకున్నాడు. తర్వాత రేకు దగ్గరికి వచ్చి, ఆ చేత్తోనే ఒక బన్ను తీసి, గంగులప్ప అరచేతిలో పెట్టాడు. మా అన్న పెనం మీద గరిటె ఆపి చూస్తున్నాడు. గంగులప్ప నిలబడే తిన్నాడు. తొందరపడలేదు. గడ్డం మీద పడిన తునకలు తుడుచుకున్నాడు.

"ఉప్పు తక్కువయింది" అన్నాడు.

ఆ రాత్రి సత్తు పళ్లెం గూట్లోనే ఉంది. దాన్ని తీయలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. తాంబాళం చుట్టూ కూర్చున్నాం. మా అన్న తలెత్తకుండా తిన్నాడు.

కానీ అది తర్వాత. గంగులప్ప బండి తోలుకుపోయాక, రెండో రేకు పూత ఆరుతుండగా, నేను లోపలికి పోయి నిప్పులు పక్కకు లాగి భట్టీలో చెయ్యి పెట్టాను. ముక్కాలి పీట మీద అబ్బా పెదవులు కదిలాయి. కలిమా సగానికి రాకముందే చెయ్యి చురుక్కుమంది. వెనక్కి తీసుకుని, భట్టీ చల్లారేదాకా గడప మీద కూర్చున్నాను.